ఫ్రీజ్ డేట్ వాయిదా పడుతూనే ఉంటుంది, రిలీజ్ డేట్ మాత్రం కదలదు: డాక్యుమెంటేషన్ షెడ్యూల్ మీరెలా ట్రాక్ చేస్తున్నారు?

రెండో_డ్రాఫ్ట్

అందరికీ నమస్కారం. టెక్నికల్ రైటింగ్‌లో ఉన్నవాళ్లను ఒకటి అడగాలి. మూడు ప్రాడక్టులకు నేనొక్కదాన్నే రైటర్‌ని. యూజర్ గైడ్, అడ్మిన్ గైడ్, ఆన్‌లైన్ హెల్ప్, రిలీజ్ నోట్స్ అన్నీ నా నెత్తినే ఉన్నాయి. షెడ్యూల్ ఒక ఎక్సెల్ షీటులో ఉంటుంది. డాక్ ప్లాన్, అవుట్‌లైన్, మొదటి డ్రాఫ్ట్, రివ్యూ, రెండో డ్రాఫ్ట్, సైనాఫ్ (చివరి ఆమోదం), పబ్లిష్ అని వరుసకో మైల్‌స్టోన్, పక్కన ఒక డేట్. టీమ్ అంతా ఆ షీటే చూస్తారు, ఎవరైనా మార్చొచ్చు కూడా.

ఫీచర్ ఫ్రీజ్, అంటే ఇక కొత్త ఫీచర్లు చేర్చకుండా ఆపేసే రోజు, వారం వాయిదా పడుతుంది. స్క్రీన్లు ఇక మారవనే యూఐ ఫ్రీజ్ ఇంకో నాలుగు రోజులు పోతుంది. రిలీజ్ డేట్ మాత్రం కస్టమర్లకు చెప్పేశారు కాబట్టి అంగుళం కూడా కదలదు. మధ్యలో నలిగేది రాయడానికీ రివ్యూకీ పెట్టుకున్న టైమే. ఆఖరికి మీటింగులో "డాక్యుమెంట్లు ఎందుకు లేటు?" అని అడుగుతారు. షీటు తెరిస్తే అందులో ఉన్నవన్నీ ఇవాళ్టి డేట్లే. మొదట ఏం ఒప్పుకున్నామో, ఎప్పుడు మారిందో ఆనవాలు కూడా దొరకదు.

దీనికి ఏదైనా మంచి టూల్ ఉందా? మీరు ఏం వాడుతున్నారు?

కామా_ఎక్కడ

టూల్ సంగతి తర్వాత. డేట్ మారిందని మీకు ఎలా తెలుస్తోంది? ఎవరైనా చెప్తున్నారా, లేక డెమోకి వెళ్తే "అది ఇంకా అవలేదండీ" అంటున్నారా? రెండోది అయితే ఏ టూలూ ఏమీ చేయలేదు. డేట్లు మార్చే మీటింగు ఎక్కడ జరుగుతోందో కనుక్కుని అందులో కూర్చోండి ముందు.

రెండో_డ్రాఫ్ట్

@కామా_ఎక్కడ గారూ, సగం సగం. ఒక ప్రాడక్టులో స్టాండప్‌కి, అంటే టీమ్ రోజువారీ చిన్న మీటింగుకి, పిలుస్తారు, డేట్లు అక్కడే తెలుస్తాయి. మిగతా రెండింటిలో టికెట్లు చూసి నేనే ఊహించుకోవాలి.

పాతకాపు

చాలా ఏళ్లుగా డాక్ లీడ్‌గా ఉన్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మీ షీటులో ఒక్క డేట్ కాలమ్ ఉండటమే అసలు గొడవ. మూడు కావాలి. మొదట అందరూ ఒప్పుకున్న తేదీ, ఇప్పుడు అనుకుంటున్న తేదీ, నిజంగా పూర్తయిన తేదీ. మొదటి కాలమ్‌ని బేస్‌లైన్ అంటారు. డాక్ ప్లాన్ మీద సంతకాలు అయ్యాక దాన్ని లాక్ చేసెయ్యండి. రెండోది ఎన్నిసార్లు మారినా ఫర్వాలేదు. మూడోది పని అయిన రోజు ఒక్కసారే నింపాలి.

ఇది చాలదు. అదే ఫైల్లో ఇంకో షీటు తెరిచి మార్పుల లాగ్ పెట్టండి. డేట్ మారిన ప్రతిసారీ ఒక వరుస చేర్చడమే, ఎక్కిన వరుసను దిద్దకూడదు. నా లాగ్‌లో వరుసలు ఇలా ఉంటాయి:

యూఐ ఫ్రీజ్ | పాత తేదీ మే 14 | కొత్త తేదీ మే 21 | తెలిసింది మే 12న, వీక్లీ మీటింగులో | కారణం: పర్మిషన్ల స్క్రీన్ మళ్లీ డిజైన్ చేస్తున్నారు | డాక్ మీద ప్రభావం: అడ్మిన్ గైడ్ 4వ అధ్యాయం స్క్రీన్‌షాట్లు ఆగాయి

యూఐ ఫ్రీజ్ | పాత తేదీ మే 21 | కొత్త తేదీ మే 25 | తెలిసింది మే 22న, చాట్‌లో | కారణం: అదే | ప్రభావం: రివ్యూ 5 రోజుల నుంచి 3 రోజులకు తగ్గింది

రెండో వరుస చూడండి. 21న అవ్వాల్సింది అవలేదని తెలిసింది 22న. అంటే వాయిదాతో పాటు, వాయిదా కబురు కూడా లేటుగానే వచ్చింది. "తెలిసిన రోజు" కాలమ్ లేకపోతే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. ఒక రిలీజంతా ఇలా రాస్తే, మీటింగులో మీరు వాదించక్కర్లేదు. లాగ్ స్క్రీన్ మీద పెట్టి ఊరుకోండి.

టూల్ అడిగారు కాబట్టి చెప్తున్నాను. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఒకే ప్లాన్‌కి 11 బేస్‌లైన్ల దాకా దాచుకోవచ్చు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఒక్కటీ తీసుకోరు. తీసుకున్నవాళ్లు డేట్ మారినప్పుడల్లా పాత బేస్‌లైన్ మీదే కొత్తది సేవ్ చేస్తారు. ఆ అలవాటు ఉంటే ఎంత ఖరీదైన టూల్ కొన్నా మీ ఎక్సెల్ షీటు గతే.

జిరా_జీవి

లాగ్ చేత్తో రాయడం దేనికి? పనులన్నీ టికెట్లుగా ట్రాక్ చేసే జిరాలో ప్రతి టికెట్‌కీ హిస్టరీ ఉంటుంది. ఏ రిలీజ్‌లో వస్తుందో చెప్పే ఫిక్స్ వెర్షన్ ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో అన్నీ అందులోనే ఉంటాయి. గూగుల్ షీట్స్‌లో కూడా సెల్ మీద రైట్ క్లిక్ కొడితే ఎడిట్ హిస్టరీ వస్తుంది.

పాతకాపు

@జిరా_జీవి గారూ, ఉంటుంది, కాదనను. కానీ హిస్టరీ "14 పోయి 21 వచ్చింది" అని చెప్తుంది, ఎందుకో చెప్పదు. రివ్యూకి దానివల్ల ఏమైందో అసలే చెప్పదు. మేనేజర్ ముందు పదిహేను టికెట్ల హిస్టరీ ఒక్కొక్కటే తెరిచి చూపించే తీరికా ఎవరికీ ఉండదు. రాసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుందండీ, అంతే.

స్ప్రింట్_సుందరి

నాకు ఈ చర్చే కాస్త పాతగా అనిపిస్తోంది, ఏమీ అనుకోకండి. మా దగ్గర డాక్యుమెంటేషన్‌కి వేరే షెడ్యూలే లేదు. ఫీచర్ స్టోరీలోనే, అంటే ఆ ఫీచర్ టికెట్‌లోనే, డాక్ సబ్‌టాస్క్ ఉంటుంది. పని ఎప్పుడు అయినట్టో చెప్పే డెఫినిషన్ ఆఫ్ డన్‌లో "డాక్ రాసి, ఇంజనీర్ చూసి ఓకే అన్నాక" అని ఉంది. ఫీచర్ వచ్చే స్ప్రింట్‌కి (తర్వాతి విడత పనికి) పోతే దాని డాక్ కూడా దానితోపాటే పోతుంది. మైల్‌స్టోన్లు ట్రాక్ చేసే బాధ ఎందుకు?

అనువాద_అవస్థ

@స్ప్రింట్_సుందరి గారూ, ఒకే భాషలో పబ్లిష్ చేసేవాళ్లకి మీరు చెప్పింది బాగుంటుంది. మాకు తొమ్మిది భాషలు.

ఒక అనువాదకుడు రోజుకి సుమారు 2,000 నుంచి 2,500 పదాలు చేస్తారనేది ఈ రంగంలో అందరూ వేసుకునే లెక్క. 40,000 పదాల గైడ్ అంటే ఒక్కరికి 16 నుంచి 20 పని రోజులు. పంచితే రోజులు తగ్గుతాయి కానీ ఒకే బటన్‌కి ముగ్గురు మూడు పేర్లు పెడతారు, వాటిని సరిచేయడానికి మళ్లీ టైము కావాలి. ఆ మీద భాషకో రివ్యూయర్. ఈ పని ఏ స్ప్రింట్‌లోనూ ఇమడదు. స్క్రీన్ మీది మాటలు ఇక మారవనే స్ట్రింగ్ ఫ్రీజ్ అనే ఒక్క మైల్‌స్టోన్‌కి వేలాడుతూ ఉంటుంది. అది దాటాక ఎవరైనా "మెనూలో ఒక్క మాటే మార్చాం" అంటే ఆ ఒక్క మాట తొమ్మిది భాషల గైడ్లలో, స్క్రీన్‌షాట్లలో మారాలి.

మీ పద్ధతి ఫీచర్ స్థాయిలో సరైనదే, మేమూ అదే చేస్తాం. రిలీజ్ స్థాయిలో మాత్రం డేట్లున్న షెడ్యూల్ ఇంకోటి లేకపోతే మునిగిపోతాం.

స్ప్రింట్_సుందరి

ఒప్పుకుంటాను. మాకు అనువాదం లేదు, ప్రింటూ లేదు. అయినా చాలా టీముల్లో ఈ పెద్ద షెడ్యూల్ ఎవరూ చూడని గోడ పటంలా పడి ఉంటుందని నా అనుమానం.

ఫార్ములా_బాబాయి

చూడకపోవడానికి కారణం ఉంది. అందులో డేట్లు చేత్తో టైప్ చేసి ఉంటాయి. ఒకటి మారితే మిగతా పన్నెండూ ఎవరో కూర్చుని దిద్దాలి. ఎవరు దిద్దుతారు? రెండు వారాల్లో షీటు అబద్ధమైపోతుంది, ఇక దాన్ని తెరిచేవాళ్లుండరు.

డాక్ మైల్‌స్టోన్లలో ఏ ఒక్కదానికీ డేట్ టైప్ చెయ్యకండి. దూరం టైప్ చెయ్యండి. "మొదటి డ్రాఫ్ట్: యూఐ ఫ్రీజ్ తర్వాత 12 పని రోజులు" అని. ఎక్సెల్‌లో వర్క్‌డే ఫంక్షన్‌కి మొదలయ్యే తేదీ, రోజుల సంఖ్య, సెలవుల జాబితా ఇస్తే శని, ఆదివారాలూ సెలవులూ వదిలేసి తేదీ ఇస్తుంది. రోజులు మైనస్‌లో ఇస్తే వెనక్కి లెక్కపెడుతుంది. వారాంతం వేరే రోజుల్లో ఉండే టీములకి దీనిదే ఇంటర్నేషనల్ రకం ఇంకోటి ఉంది.

అప్పుడు షీటు మొత్తంలో చేత్తో రాసేవి రెండే డేట్లు, ఫ్రీజ్ ఒకటి, రిలీజ్ ఒకటి. ఫ్రీజ్ నుంచి ముందుకి, రిలీజ్ నుంచి వెనక్కి లెక్కలు నడుస్తాయి. రెండూ కలిసే చోట ఎంత ఖాళీ మిగిలిందో అదే మీ స్లాక్.

ఒక లెక్క చూడండి. ఫ్రీజ్ నుంచి రిలీజ్‌కి 30 పని రోజులు ఉన్నాయనుకుందాం. డ్రాఫ్ట్‌కి 12, రివ్యూకి 5, సవరణలకి 3, సైనాఫ్‌కి 3, పబ్లిషింగ్‌కి 2, మొత్తం 25. స్లాక్ 5. ఫ్రీజ్ 8 రోజులు వాయిదా పడితే చేతిలో ఉండేవి 22. స్లాక్ మైనస్ 3. ఆ సెల్‌కి కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి, సున్నా దాటి కిందికి పోగానే ఎర్రబడాలి. అది ఎర్రబడిన రోజే మెయిల్ పెట్టాలి. రిలీజ్ ముందు రోజు పెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఒక జాగ్రత్త. వర్క్‌డే మొదలయ్యే రోజును లెక్కలో వేసుకోదు, రెండు తేదీల మధ్య పని రోజులు లెక్కపెట్టే నెట్‌వర్క్‌డేస్ ఫంక్షన్ మాత్రం మొదటి రోజూ చివరి రోజూ రెండూ కలిపి లెక్కిస్తుంది. ఒకటి తేదీ కోసం, ఒకటి ఖాళీ లెక్క కోసం వాడితే ఎక్కడో ఒక రోజు తేడా వస్తుంది. అది ఫార్ములా తప్పు కాదు, నెట్‌వర్క్‌డేస్ ఇచ్చిన అంకెలోంచి ఒకటి తీసెయ్యండి.

రెండో_డ్రాఫ్ట్

@ఫార్ములా_బాబాయి గారూ, ఇదే కావాలి నాకు! సెలవుల జాబితాలో నా సెలవులు మాత్రమే వేయాలా, రివ్యూ చేసే ఇంజనీర్లవి కూడానా?

ఫార్ములా_బాబాయి

రెండు జాబితాలు పెట్టండి. డ్రాఫ్ట్ వరుసకి మీ సెలవులు, రివ్యూ వరుసకి వాళ్లవి. రివ్యూయర్ వేరే దేశంలో ఉంటే ఇది చాలా ముఖ్యం. ఆయన రెండు వారాల సెలవులో ఉండగా మీ షీటు "5 పని రోజులు" అని హాయిగా చూపిస్తూ ఉంటుంది.

మౌన_రైటర్

సరే, మైనస్ 3 వచ్చింది, ఎర్రబడింది, మెయిల్ పెట్టాం. "ఎలాగో మేనేజ్ చెయ్యండి" అని జవాబొస్తుంది. అప్పుడు?

పాతకాపు

మెయిల్‌లో సమస్య ఒక్కటే రాస్తే వచ్చే జవాబు అదే. ఎంచుకోవడానికి రెండు మూడు దారులు రాయాలి. రిలీజ్ నాటికి ఇన్‌స్టలేషన్, కొత్త ఫీచర్ల టాపిక్‌లు, రిలీజ్ నోట్స్ వస్తాయి, అప్‌గ్రేడ్ అధ్యాయం రెండు వారాల తర్వాత డాక్ అప్‌డేట్‌గా వస్తుంది అనేది ఒకటి. రివ్యూ 5 నుంచి 2 రోజులకు కుదిస్తాం, కానీ ఇద్దరు ఇంజనీర్లు ఆ రెండు రోజులూ వేరే పని పెట్టుకోకూడదు అనేది ఇంకొకటి. మారిన స్క్రీన్లకు ఈసారి బొమ్మలు లేకుండా మాటలతోనే రాస్తాం అనేది మూడోది. ఏది కావాలో రాసి పంపండి, ఫలానా రోజులోగా జవాబు రాకపోతే మొదటిదాని ప్రకారం వెళ్తాను అని చివర చేర్చండి. ఈ చివరి వాక్యం మర్చిపోవద్దు.

ఇంకో రైటర్‌ని ఇస్తామంటారు కొందరు. లేటయిన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో మనుషుల్ని చేరిస్తే అది ఇంకా లేటవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు. ప్రాడక్టు తెలియని రైటర్ ఆఖరి రెండు వారాల్లో వస్తే అతనికి నేర్పేది మీరే. ఎడిటింగ్‌కో లింకులు సరిచూడటానికో అయితే తీసుకోండి, రాయడానికి వద్దు.

గ్రాఫ్_గీత

మార్పుల లాగ్ పెట్టేవాళ్లకి ఒక బహుమతి ఉంది, దాని పేరు ఇక్కడ ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. మైల్‌స్టోన్ ట్రెండ్ ఎనాలిసిస్. జర్మనీ ఇంజనీరింగ్ ప్రాజెక్టుల్లో బాగా వాడతారు. ఒక్క బొమ్మ గీస్తే చాలు.

అడ్డ గీత మీద రిపోర్ట్ ఇచ్చిన తేదీలు, అంటే ప్రతి సోమవారం అనుకోండి. నిలువు గీత మీద, ఆ సోమవారం నాడు "ఈ మైల్‌స్టోన్ ఎప్పటికి అవుతుంది?" అంటే చెప్పిన తేదీ. రెండింటికీ ఒకే స్కేలు. ప్రతి సోమవారం ఒక చుక్క పెట్టి కలుపుతూ పోతే మైల్‌స్టోన్‌కి ఒక గీత వస్తుంది. మూల నుంచి ఏటవాలుగా ఇంకో గీత ఉంటుంది, దాని మీద రెండు తేదీలూ ఒకటే. మైల్‌స్టోన్ గీత ఆ ఏటవాలు గీతను తాకిందంటే పని అయిపోయినట్టు.

ఇక చదవడమే. అడ్డంగా నేరుగా పోతే చెప్పిన మాట మీద నిలబడ్డారు. పైకి లేస్తే వాయిదా. కిందికి దిగితే మొదట్లో మరీ ఎక్కువ టైము అడిగారు. చివరిదాకా నేరుగా వచ్చి ఏటవాలు గీత దగ్గర ఒక్కసారిగా పైకి ఎగిరిందా, అన్ని వారాలూ ఎవరూ ఆ డేట్ గురించి ఆలోచించలేదు, అడిగితే నోటికొచ్చింది చెప్పారు.

అన్నిటికన్నా చెడ్డది ఇంకోటి. గీత ఏటవాలు గీతకి సమాంతరంగా పైకి పోతూ ఉంటుంది. అంటే ఎప్పుడు అడిగినా "ఇంకో రెండు వారాలండీ" అనే జవాబు. వారం గడిస్తే డేట్ కూడా వారం వెనక్కి. సమాంతర గీతలు కలవవు కదా! లాగ్‌లో వరుసలుగా చదివితే ఒక్కోసారి వారమే, పెద్దగా అనిపించదు. బొమ్మలో చూస్తే ఆ పని నడవట్లేదని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది.

ఎక్సెల్‌లో మామూలు స్కాటర్ చార్ట్‌తో గీయొచ్చు. అయిదారు మైల్‌స్టోన్లు మించి ఒకే బొమ్మలో పెట్టకండి, నూడుల్స్‌లా తయారవుతుంది.

మౌన_రైటర్

సమాంతర గీత! ప్రోగ్రామర్ల కోసం రాసే మా ఏపీఐ రిఫరెన్స్ మొత్తం అదే. రేపే గీస్తాను.

తటస్థ

నేను కాస్త అడ్డం పడతాను. ఈ లాగులూ గ్రాఫులూ టీమ్‌లోకి ఎలా వెళ్తాయో ఆలోచించారా? పాత టీములో ఒక రైటర్ ఇలాగే పద్దు రాసేవారు. కొన్నాళ్లకి డెవలపర్లు ఆయనకి డేట్లు చెప్పడం మానేశారు. "చెప్తే రాసుకుంటాడు" అని. మనకి సమాచారం ఇచ్చేదే వాళ్లు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు తయారవుతుంది మన బతుకు.

పాతకాపు

@తటస్థ గారూ, ఆ ప్రమాదం ఉంది. అందుకే నేను కారణం కాలమ్‌లో మనిషి పేరు రాయను. "పర్మిషన్ల స్క్రీన్ మళ్లీ డిజైన్" అంటాను, "ఫలానా ఆయన పూర్తి చేయలేదు" అనను. లాగ్ అందరికీ తెరిచి ఉంచుతాను, దాచుకుంటే నిజంగానే చాడీల చిట్టా అవుతుంది. నా వల్ల వాయిదా పడ్డవీ అందులోనే ఉంటాయి.

జిరా_జీవి

పేరు లేకపోతే ఎలాగండీ? వాయిదాకి ఎవరు ఒప్పుకున్నారో తెలియాలిగా. రేపు ప్రాడక్ట్ మేనేజర్ "నేను అనలేదే" అంటే?

తటస్థ

అది వేరు. "ఎవరు నిర్ణయించారు" రాయండి, "ఎవరి వల్ల" రాయొద్దు. అయినా ఆ తేడా అందరూ పాటిస్తారన్న నమ్మకం నాకు లేదు. నేనైతే ముందు టీమ్‌తో మాట్లాడి, వాళ్లు సరే అన్నాకే మొదలుపెడతాను.

సొంత_గొడుగు

ఫ్రీలాన్స్ వైపు నుంచి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి డేట్ జరిగితే టెన్షన్, మాకు జేబుకి చిల్లు. చెల్లింపులు మైల్‌స్టోన్లకి ముడిపెట్టి ఉంటాయి కదా. క్లయింట్ వైపు రివ్యూ నెల ఆగితే "డ్రాఫ్ట్ ఆమోదం" మీద రావాల్సిన డబ్బు కూడా నెల ఆగుతుంది. అది చాలదన్నట్టు వచ్చే నెలకి ఒప్పుకున్న ఇంకో క్లయింట్ పని దీనితో ఢీకొంటుంది.

అందుకని డాక్ ప్లాన్‌లోనే ఊహలన్నీ రాసేస్తాను. పని చేసే బిల్డ్ (సాఫ్ట్‌వేర్ కాపీ) ఏ రోజుకి ఇస్తారు, రివ్యూ వ్యాఖ్యలు ఎన్ని పని రోజుల్లో వస్తాయి, అందరివీ కలిపి ఒకే ఫైల్లో వస్తాయా లేదా, ఎన్ని విడతల రివ్యూ ధరలో కలిసి ఉంది. "వీటిలో ఏది ఆలస్యమైతే ఆ తర్వాతి తేదీలన్నీ కనీసం అన్ని రోజులు వెనక్కి వెళ్తాయి" అన్న వాక్యం తప్పనిసరి. "కనీసం" ఎందుకంటే, ఆ ఖాళీలో నేను వేరే పని మొదలుపెట్టి ఉంటాను, పిలిచిన మర్నాడే రాలేను. చెల్లింపు కూడా ఆమోదానికి కాదు, డ్రాఫ్ట్ అప్పగించిన రోజుకి ముడిపెట్టండి. ఆమోదం వాళ్ల చేతిలో ఉంటుంది, అప్పగించడం మన చేతిలో ఉంటుంది.

యంత్ర_వాచకం

నేను యంత్రాల మాన్యువల్స్ రాస్తాను. మా షెడ్యూల్ ఇంత ఒత్తిడిలో ఉండదు, కారణం సరదాగా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ మెషినరీ డైరెక్టివ్, 2006/42, ప్రకారం సూచనల పుస్తకం లేకుండా యంత్రాన్ని మార్కెట్‌లో పెట్టకూడదు. 2027 జనవరి 20 నుంచి దాని స్థానంలో వచ్చే 2023/1230 రెగ్యులేషన్‌లో కూడా సూచనలు ఉండి తీరాల్సిందే. అందుకే మా దగ్గర "మాన్యువల్ సైనాఫ్" అనేది డాక్ టీమ్ సొంత మైల్‌స్టోన్ కాదు, యంత్రం బయటికి వెళ్లే గేట్. అది పడకపోతే లారీ కదలదు. మాన్యువల్ ఆలస్యమైతే ప్రాజెక్ట్ మేనేజర్ నాకు ఫోన్ చేయడు, రివ్యూయర్‌కి చేస్తాడు.

మీ రిలీజ్ చెక్‌లిస్టులో డాక్ సైనాఫ్ ఒక లైనుగా ఉందో లేదో చూడండి. లేకపోతే అది చేర్చడమే అన్నిటికన్నా చవకైన మార్పు.

కామా_ఎక్కడ

మైల్‌స్టోన్లు ఎలా రాస్తున్నారో కూడా చూసుకోండి. "అడ్మిన్ గైడ్ 90 శాతం" అనేది మైల్‌స్టోన్ కాదు. బెల్ ల్యాబ్స్‌లో టామ్ కార్గిల్ అన్న జోక్ ఒకటుంది: మొదటి 90 శాతం కోడ్‌కి 90 శాతం టైము పడుతుంది, మిగిలిన 10 శాతానికి ఇంకో 90 శాతం టైము. గైడ్లకి అది జోకు కూడా కాదు. శాతాలు తీసేసి అయ్యిందా లేదా అని మాత్రమే జవాబు చెప్పగలిగేవి పెట్టండి. "6వ అధ్యాయం రివ్యూకి పంపాను" ఉందంటే పంపినట్టు, లేదంటే లేదు.

రివ్యూ అని ఒక్క వరుస పెట్టేవాళ్లు దాన్ని మూడు చెయ్యండి. పంపాం, వ్యాఖ్యలన్నీ వచ్చాయి, వ్యాఖ్యలన్నీ తేల్చాం. వాయిదాలు ఎక్కువగా దాక్కునేది మొదటిదానికీ రెండోదానికీ మధ్య.

లెక్కల_పంతులు

రివ్యూకి అందరూ 5 రోజులు అని రాస్తారు, ఎందుకో తెలియదు. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం తయారు చేయించిన పెర్ట్ పద్ధతిలో ఒక చిన్న సూత్రం ఉంది. అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా అయితే ఎన్ని, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని అని మూడు అంకెలు తీసుకోండి. మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. రివ్యూకి 3, 5, 13 అనుకుంటే 3 ప్లస్ 20 ప్లస్ 13, మొత్తం 36, భాగిస్తే 6. మీ షీటులో 5 బదులు 6 పడుతుంది. ఒక రోజే కదా అనకండి, ఏడు రివ్యూలకి ఏడు రోజులు.

ఆ 13 ఎక్కడి నుంచి వస్తుందంటే పాతకాపు గారి లాగ్ నుంచి. మనం ప్లాన్ వేసేటప్పుడు ముందున్న పనినే చూస్తాం, ఇలాంటివి ఇదివరకు ఎంతకాలం పట్టాయో చూడం. మనస్తత్వవేత్తలు కానెమాన్, ట్వెర్‌స్కీ 1979లో దీనికి ప్లానింగ్ ఫాలసీ (ప్లాన్ వేయడంలో పడే పొరపాటు) అని పేరు పెట్టారు. మందు కూడా వాళ్లే చెప్పారు, పాత పనుల రికార్డు చూసి అంచనా వెయ్యమని. రికార్డే లేనివాడు ఏం చూస్తాడు?

స్ప్రింట్_సుందరి

ఇది నచ్చింది. లాగ్ అంటే మీటింగులో కొట్లాటకి అనుకున్నాను. వచ్చే రిలీజ్ అంచనాకి అయితే మా టీమ్‌లో కూడా ఒప్పుకుంటారు. మా టికెట్ల నుంచి "రివ్యూలో ఎన్ని రోజులు ఆగింది" అన్నది తీసి చూస్తాను.

రెండో_డ్రాఫ్ట్

చాలా రోజుల తర్వాత వచ్చాను, క్షమించాలి. ఒక ప్రాడక్టుకి మాత్రం మొదలుపెట్టాను, ఉన్న మూడింటిలో నన్ను స్టాండప్‌కి పిలిచే టీముతో. డేట్లన్నీ ఫార్ములాలకి మార్చాను. తటస్థ గారు చెప్పినట్టు ముందే టీమ్‌కి చూపించి అడిగాను. డెవ్ లీడ్ అభ్యంతరం పెట్టలేదు సరికదా, "టెస్టింగ్ వాళ్ల డేట్లు కూడా ఇందులో వెయ్యొచ్చా?" అన్నారు. వాళ్లదీ నాలాంటి గోడేనట!

స్లాక్ ఎర్రబడింది. దారులు రాసి మెయిల్ పెట్టాను. ప్రాడక్ట్ మేనేజర్ మొదటిదే ఎంచుకున్నారు, అప్‌గ్రేడ్ అధ్యాయం రిలీజ్ తర్వాత. వాదన లేకుండా డేట్ మీద నిర్ణయం రావడం నాకు కొత్త.

ఇప్పుడు రెండు సందేహాలు. ఒకటి, డేట్లు ఇంతగా మారాక బేస్‌లైన్ అలాగే ఉంచాలా, కొత్తది పెట్టాలా? రెండు, ఇంకో ప్రాడక్టులో రిలీజ్‌ని మూడు వారాలు ముందే చేస్తారట. వాయిదాల గురించే మాట్లాడుకున్నాం కానీ ప్రీపోన్ అయితే ఏం చెయ్యాలి?

గ్రాఫ్_గీత

బేస్‌లైన్ గురించి నా పద్ధతి చెప్తాను. డేట్ మాత్రమే మారితే పాత బేస్‌లైనే ఉంచండి, తేడా కనబడాలి. పని స్వరూపమే మారితే, అంటే ఒక గైడ్ తీసేశారు, ఒక భాష చేర్చారు, రిలీజ్‌నే రెండుగా విడగొట్టారు, అప్పుడు కొత్త బేస్‌లైన్. అది కూడా మీ అంతట మీరు కాదు, నిర్ణయించినవాళ్లు మెయిల్‌లో సరే అన్నాక. పాతది తీసెయ్యకండి, పక్క కాలమ్‌కి జరిపి "బేస్‌లైన్ 1" అని పేరు పెట్టండి. మీ అప్‌గ్రేడ్ అధ్యాయం నిర్ణయం కొత్త బేస్‌లైన్‌కి సరిపోతుంది.

పాతకాపు

ప్రీపోన్ సంగతి. షీటులో రిలీజ్ సెల్ ఒక్కటే మార్చండి, స్లాక్ ఎంత మైనస్‌లోకి పోతుందో వెంటనే తెలుస్తుంది. కానీ ఆ అంకె పంపేముందు ఇంకోటి అడగండి, ఫ్రీజ్ కూడా మూడు వారాలు ముందుకొస్తోందా? ఎక్కువసార్లు రాదు. వాళ్లు ఫీచర్లు కోసేసి రిలీజ్ ముందుకు తెస్తారు. కోసేసిన ఫీచర్ల జాబితా తీసుకుని ఆ టాపిక్‌లు మీ లెక్కలోంచి తీసెయ్యండి, 12 రోజుల డ్రాఫ్ట్ ఏడో ఎనిమిదో అవ్వొచ్చు. అనువాదం ఉంటే ఆ వెండర్‌కి ఈ రోజే చెప్పండి, వాళ్ల దగ్గర మనుషులు ఆ వారాలకి వేరే పనిలో బుక్ అయి ఉంటారు. ఆ జాబితా చేతికొచ్చేదాకా కొత్త డేట్‌కి మాత్రం సరే అనకండి.

రెండో_డ్రాఫ్ట్

జాబితా అడిగాను. "ఇంకో రెండు వారాల్లో ఇస్తాం" అన్నారు. సోమవారం మొదటి చుక్క పెడుతున్నాను.